సెలవుకి ఆరు విభక్తులు

మనిషి ఇంటికి వెళ్లడానికి కనీస అర్హత విభక్తి జ్ఞానమని 1982లో కువైట్‌లోని ఒక టర్కీ కన్‌స్ట్రక్షన్ కంపెనీ తేల్చింది. ఇకమీదట సెలవు దరఖాస్తులు టర్కీ భాషలోనే ఉండాలి. ఆ భాషలో విభక్తులు ఆరు. అవిగాక నా, నీ, మా అనేవి కూడా మాట చివరే తగిలించాలి. ఒక్క తోక తప్పినా దరఖాస్తు నలభై రోజులు విశ్రాంతి తీసుకుంటుంది (మనిషికి ఆ సదుపాయం లేదు). ఫింటాస్‌లోని కంపెనీ క్యాంపులో మనవాళ్లందరూ చదువుకి కూర్చున్నారు. బడిలో డుమువులు రాక గోడకుర్చీ వేసినవాళ్లే వాళ్లలో ఎక్కువ.

మొదటి ఫలితం స్టోర్ కీపరు భీమేశ్వరరావు గారిది. అమలాపురం ఆయన. "మా ఇంటికి" అనబోయి "మా ఇంటినుంచి" అని రాశారు. "దరఖాస్తుదారు ఇంటినుంచి ఇప్పటికే వచ్చేసి ఉన్నారు. సెలవు అనవసరం" అని షర్క్‌లోని హెడ్డాఫీసు జవాబిచ్చింది. తర్కంలో తప్పు పట్టడానికేమీ లేదు.

అందరికంటే తొందర రాయచోటి తిమ్మయ్యది. కడ్డీలు వంచే పని. ఊళ్లో సంజీవమ్మతో అతని పెళ్లి ముహూర్తం రెండుసార్లు వాయిదా పడింది. మూడోది కూడా తప్పితే వేరే సంబంధం చూసుకుంటామని ఆమె తండ్రి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం దిండు కింద పెట్టుకుని తిమ్మయ్య భయంభయంగా టర్కీ చదివాడు. పదిహేను రోజుల్లో భాష పట్టుబడింది.

"ఎలాగొచ్చేసిందయ్యా బాబూ నీకు?" అన్నారు భీమేశ్వరరావు గారు.

"మన మాదిరేలే సార్. పేరు ముందర, తోకలన్నీ ఎనకాల. ఇల్లు అను, నాది తగిలిచ్చు, కి తగిలిచ్చు. యల్లా, ఇంగ ఇంటికి పోయేదే."

ఆ పద్ధతిలోనే తిమ్మయ్య ఆయన దరఖాస్తు తిరగరాసిచ్చాడు. నాలుగో రోజుకి మంజూరైంది.

తిమ్మయ్య దరఖాస్తు చూసి సెలవుల అధికారి నెజ్దెత్ బే (బే అంటే గారు) కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తన సర్వీసులో ఇంత నిర్దోషమైన దరఖాస్తు చూడలేదన్నాడు. ఇలాంటివాణ్ని వదిలితే కంపెనీ నడవదని సెలవు నిరాకరించి, అక్కడికక్కడే అనువాదకుడిగా నియమించాడు. ముహూర్తానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

నిరాకరణ పత్రాన్ని కార్మికుడికి అతని భాషలో పైకి చదివి వినిపించడం అనువాదకుడి మొదటి విధి.

"తిమ్మయ్యా, నీకు సెలవు లేదంట," అని తిమ్మయ్య నిలబడి చదివాడు. సరిగా వినబడలేదు, మళ్లీ చదవమన్నాడు నెజ్దెత్ బే. మళ్లీ చదివాడు.

తర్వాత అర్థమయ్యేలా చెప్పానని ఒకచోట, అర్థమైందని ఇంకోచోట సంతకం పెట్టాడు.