కాషా యాత్ర

శనివారం పొద్దున్న లేవగానే బుచ్చిబాబు చేసిన మొదటి పని, మధ్యాహ్నం భోజనానికి ఏ చొక్కా వేసుకోవాలో తేల్చుకోవడం. పెళ్ళిచూపులకి కూడా ఈ మనిషి ఇంత హడావిడి పడలేదని భార్య సత్యవాణి సాక్ష్యం చెబుతుంది. పాపం, అతని ఆత్రం అతనిది. షుగరు రిపోర్టు చూసి జీపీ, అంటే పేటలో డాక్టరమ్మ, అన్నం మానేయమన్న రోజే సత్యవాణి బియ్యం డబ్బాని వంటింట్లో అన్నిటికన్నా ఎత్తున ఉన్న గోడ అలమరలోకి ఎక్కించి తలుపు మూసేసింది. అప్పట్నుంచీ కడుపునిండా తిన్నానన్న తృప్తి అతనికి లేదు. కొత్త రిపోర్టు సోమవారం వస్తుంది. అది బాగుంటే ఆదివారాలు ఒక్కపూట అన్నం తినొచ్చని జీపీ మాటిచ్చింది. ఆ ఒక్కపూట కోసం బుచ్చిబాబు కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుచూస్తున్నాడు.

ఈలోగా ఆఫీసులో పక్క సీటు పోలండ్ అమ్మాయి ఒక శుభవార్త చెప్పింది. వాళ్ళ దేశంలో బక్‌వీట్ అనే గింజని వండుకు తింటారట. బియ్యమూ కాదు, గోధుమా కాదు, ఉడికితే ఉప్పుడు పిండిలా పొడిపొడిగా ఉంటుందట. దాన్ని వాళ్ళు కాషా అంటారు. దగ్గర్లోని క్లాండాల్కిన్‌లో ఆ పేరుతోనే ఒక చిన్న హోటలు తెరిచారు. జీపీని అడిగితే, నిక్షేపంగా తినమంది. ఇక బుచ్చిబాబుని పట్టుకోవడం ఎవరితరం?

పాలప్యాకెట్టు కోసం కిందికి దిగితే, తాముండే సిటీవెస్ట్ పేట గాలికి ఉన్ని టోపీ చెవులదాకా లాక్కుని గురుమూర్తిగారు ఎదురయ్యారు. రిటైరై, అదే బిల్డింగులో డాక్టరుగా పనిచేసే కూతురి దగ్గర ఉంటున్నారాయన. ఏడుకొండల స్వామిని చూసినట్టు వెలిగిపోతున్నావేమిటని ఆయన అడిగితే, బుచ్చిబాబు ఉన్నమాటే చెప్పాడు.

"ఇవాళ కాషాకి వెళ్తున్నామండీ. ఎన్నాళ్ళ కోరికో!"

గాలి సగం ఎత్తుకుపోయింది, టోపీ మిగతా సగం ఆపేసింది. గురుమూర్తిగారి చెవిలో పడింది కాశీ. ఆయన అక్కడే, ఆ చలిలోనే, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. పెద్దాయన తన ఆరోగ్యం గురించి ఇంత సంతోషించడం చూసి బుచ్చిబాబు మనసు కరిగిపోయింది.

గంట తిరక్కుండా గురుమూర్తిగారు భార్య విమలగారిని వెంటబెట్టుకుని ఇంటికొచ్చేశారు. సత్యవాణి తలంటు పోసుకుంటోంది. విమలగారు మూతున్న చిన్న చెంబు తీసి బుచ్చిబాబు చేతిలో పెట్టి, వచ్చేటప్పుడు ఇందులో కాస్త పట్టుకురమ్మని కోరారు. అక్కడ బీట్‌రూట్ చారు బ్రహ్మాండంగా ఉంటుందని పోలండ్ అమ్మాయి చెప్పడం బుచ్చిబాబుకి గుర్తొచ్చింది. ఈవిడకి అప్పుడే ఎలా తెలిసిందబ్బా అని ఆశ్చర్యపోయాడు.

"దానికేం భాగ్యమండీ, తప్పకుండా. జలుబుకి కూడా మంచిదట," అన్నాడు.

"అన్ని రోగాలకీ మంచిదే నాయనా," అన్నారు గురుమూర్తిగారు. "మా ఇద్దరి పేర్లూ చెప్పి ఒక్కో మునక వెయ్యి."

ఆ చారులో చిన్న కుడుముల్లాంటివి ముంచుకు తింటారని కూడా ఆ అమ్మాయే చెప్పింది. తన పేరున ఒకటి కలిపి మూడు వేస్తానన్నాడు బుచ్చిబాబు. పద్ధతి తెలిసిన మనిషని దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాశీకి వెళ్తే ఇష్టమైనదేదో ఒకటి వదిలేసి రావాలి కదా, ఆ సంగతే విమలగారు అడిగారు.

"మరి ఏం వదిలేస్తున్నారు?"

"అన్నం వదిలేశానండీ," అన్నాడు బుచ్చిబాబు దిగులుగా.

విమలగారికి కళ్ళు చెమర్చాయి. లోకంలో ఎవరైనా కాకరకాయో, సీతాఫలమో వదులుతారు. ఆమె భర్త పొట్లకాయ వదిలారు, అదీ ఆయనకి చిన్నప్పట్నుంచీ పడదు. అన్నమే వదిలేసేవాడిని ఆమె ఇంతవరకూ చూడలేదు. గురుమూర్తిగారు మెట్లు దిగుతూనే తెలుగువాళ్ళ గ్రూపులో ఈ త్యాగం గురించి రాసేశారు. బుచ్చిబాబు ఫోన్లో ధన్యజీవి అంటూ దణ్ణాలు వచ్చిపడ్డాయి. పైన ఆయన రాసింది చదవకుండానే, అన్నీ తన పథ్యానికే అనుకుని పొంగిపోయాడతను. గొడవలు పడలేక సత్యవాణి ఆ గ్రూపులోంచి ఏనాడో బయటికొచ్చేసింది కాబట్టి ఆపేవాళ్ళు లేకపోయారు.

హోటల్లో పుట్టగొడుగుల కూరతో పొగలు కక్కుతూ కాషా వచ్చింది. బుచ్చిబాబు జేబులోంచి కందిపొడి పొట్లం తీశాడు. సత్యవాణి తల దించుకుంది. అతను మాత్రం కలిపాడు, తిన్నాడు, మళ్ళీ తెప్పించుకున్నాడు. ఎన్నాళ్ళకి నిండిందో ఆ పొట్ట! చారులో పేరుపేరునా మూడు కుడుములు ముంచి, చెంబు నింపించుకుని, సాయంత్రం టీ వేళకి ఈల వేసుకుంటూ ఇంటికి చేరాడు.

లిఫ్టు దగ్గర గురుమూర్తి దంపతులు నిలబడి ఉన్నారు. కాశీకి వెళ్ళినవాడు టీ వేళకి తిరిగిరావడం చూసి పెద్దాయన వాచీ చూసుకున్నారు. విమలగారు చెంబు అందుకుని, కళ్ళకద్దుకుని, మూత తీశారు.

"ఇంత ఎర్రగా ఉందేమిటండీ?"

"బీట్‌రూట్ కదండీ," అన్నాడు బుచ్చిబాబు.

ఆ తర్వాత కాశీ ఎవరిదో, కాషా ఎవరిదో తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. సత్యవాణి గోడకానుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. గురుమూర్తిగారు మాత్రం నవ్వలేదు. ఈ త్యాగం సంగతి చదివి, దూరాన ఎన్నిస్ అనే ఊళ్ళో ఉండే డాక్టరు శ్రీధర్ సిగరెట్లు మానేస్తున్నట్టు గ్రూపులో ఒట్టు వేశాడట. వాళ్ళావిడ ఫోన్ చేసి ఆనందంతో ఏడ్చిందట.

"ఇప్పుడు ఉత్తదే అంటే ఆ అబ్బాయి మళ్ళీ ముట్టిస్తాడయ్యా," అన్నారాయన బతిమాలుతూ. "ప్రయాణం వాయిదా పడిందనీ, నియమం మాత్రం మొదలుపెట్టేశావనీ రాస్తాను. నువ్వు నోరు మెదపకు."

ఎలాగూ తినడం లేదు, ఒక మాటకి ఏం పోయిందని బుచ్చిబాబు సరేనన్నాడు.

సోమవారం జీపీ ఫోన్ చేసి షుగరు గ్రాండ్‌గా, అంటే చక్కగా అదుపులో ఉందనీ, ఆదివారం అన్నం తినొచ్చనీ చెప్పింది. బుచ్చిబాబు ఆఫీసు కుర్చీలోంచి లేచి ఒక చిన్న గంతు వేశాడు. సరిగ్గా ఆ ఆదివారమే గురుమూర్తిగారింట్లో భోజనాలు. పులిహోర, గోంగూర పప్పు, కమ్మటి నెయ్యి. తలుపు తీసేసరికి తాలింపు వాసన గుప్పుమంది. కంచం ముందు కూర్చుని చూస్తే, పక్కన శ్రీధర్. భార్యతో సహా ఎన్నిస్ నుంచి అతన్ని చూడ్డానికే వచ్చాడు.

"మీరు అన్నమే వదలగలిగారు. నాకు సిగరెట్ ఎంత అనిపించింది సార్," అన్నాడు శ్రీధర్. అతని భార్య లేచి వచ్చి బుచ్చిబాబుకి నమస్కారం చేసింది.

విమలగారి పులిహోర గిన్నె ఒక్కో కంచం దగ్గరా ఆగుతూ వస్తోంది. బుచ్చిబాబు ఆశగా సత్యవాణి వైపు చూశాడు. ఆవిడ శ్రీధర్ భార్య మొహం చూసి, మొగుడి మొహం చూసి, మెల్లిగా తల అడ్డంగా ఊపింది. గిన్నె అతన్ని దాటిపోయింది. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. భక్తి అనుకున్నారు అందరూ.

అప్పుడు గురుమూర్తిగారు లోపల్నుంచి మూతపెట్టిన గిన్నె ఒకటి పట్టుకుని, గర్వంగా అతని దగ్గరికి వచ్చారు.

"నీకోసం క్లాండాల్కిన్ వెళ్ళి పట్టుకొచ్చానయ్యా, కాశీ," అంటూ మూత తీసి వడ్డించారు.

బుచ్చిబాబు కాశీకి వెళ్ళకపోయినా, కాశీయే అతని కంచంలోకి వచ్చింది.