ఏసీలో పెట్టిన కబడ్డీ జట్టు

తూమాటివారిపాలెం కబడ్డీ జట్టులో ఎవర్ని ఉంచుకోవాలో, ఎవర్ని వదులుకోవాలో తేల్చడానికి 2003 ఉగాది ముందు కమిటీ కూర్చుంది. ఆటగాళ్ళని పిలవలేదు. ఇది ఆట సంగతి కాబట్టి వాళ్ళతో పనిలేదన్నారు.

అధ్యక్షులు బాపయ్యగారు. గుంటూరు యార్డులో మిరపకాయల వ్యాపారం చేసి తల నెరిసిన మనిషి. కాయ చూసి ఏ ఊరి చేలోదో చెబుతారు. అంతటివారికి కబడ్డీ తెలియకుండా ఉంటుందా అని ఊరు నమ్మింది. ఆయనా నమ్మారు.

ఆ చుట్టుపక్కల ఒక కట్టుబాటు ఉంది. ఉగాది పొద్దున ఎవడు ఏ ఊళ్ళో పచ్చడి తింటే ఏడాదంతా ఆ ఊరి తరఫునే ఆడాలి. పచ్చడి నాలిక మీద పడేదాకా ఆటగాడు ఎవరి సొత్తూ కాదు. పోటీ ఆ సాయంత్రమే. అద్దంకి జట్టు పెద్ద బాపయ్యగారికి స్వయానా బావమరిది. కిందటేడు కప్పు ఎగరేసుకుపోయి, అక్క వడ్డిస్తుంటే తింటూ నవ్వాడు. బాపయ్యగారు ఎంగిలి చేత్తోనే మీసం మెలేసి, ఈసారి కప్పు రాకపోతే ఈ మీసం ఉండదన్నారు. చెయ్యి కడుక్కున్నారు గాని, అన్న మాట కడుక్కోవడం కుదరలేదు.

ఊళ్ళో కూత పట్టి వెళ్తే ఒకణ్ణయినా ముట్టుకోకుండా తిరిగిరానివాడు మాబు. పరుపులు కుట్టే సర్దార్‌బీ కొడుకు. అద్దంకివాళ్ళు వాడికి మోటారు సైకిలు ఆశ చూపుతున్నారని పుకారు. "నేనెక్కడికీ పోనండీ" అని మాబు ఇంటింటికీ తిరిగి చెప్పాడు. అడక్కుండానే చెబుతున్నాడంటే ఏదో ఉందని కమిటీ తీర్మానించింది.

"సరుకు బయటుంటే ఎవడో ఒకడు కొనుక్కుపోతాడు. ఏసీలో పెడదాం," అన్నారు బాపయ్యగారు.

ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ. మిరపకాయలకి మంచి ధర వచ్చేదాకా దాచుకునే చోటు. అప్పటికే బస్తాలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. సందులో ముగ్గురు మనుషులు పడతారని తేలింది. అందువల్ల జట్టులో ముగ్గుర్నే నిలుపుకోవడం శాస్త్రీయమని కూడా తేలింది.

బాపయ్యగారు ఆటగాళ్ళని ఎండలో వరసగా నిలబెట్టి, వెనక్కీ ముందుకీ తిప్పి చూశారు. మొదట మాబు. తర్వాత రంగు చూసి మాస్టారి కొడుకు శశిభూషణ్. ఎర్రగా నిగనిగలాడుతుంటాడు. ఇన్నేళ్ళు ఆడినా బనీనుకి మట్టి అంటనివ్వని జాగ్రత్తపరుడు. మూడోది తూకం. లక్ష్మీనరసింహం ఎక్కితే కాటా మూలిగింది.

నజీర్ దగ్గరికొచ్చేసరికి పెదవి విరిచారు. నల్లగా, సన్నగా ఉన్నాడు. వాడు మడమ పట్టుకుంటే ఎద్దయినా విడిపించుకోలేదు గాని, ఆ సంగతి రంగులో కనపడదు.

"తాలు," అన్నారు. యార్డులో ఆ మాట పడ్డ కాయని ఎవరూ మళ్ళీ చూడరు.

"అయితే నన్ను పొమ్మంటారాండీ?"

"పోరా. అద్దంకి జట్టు కూడా కాస్త పాడవ్వాలి గదా."

నజీర్ సైకిలెక్కి అద్దంకి వెళ్ళిపోయాడు. ఖాళీలన్నీ కమిటీ సభ్యుల అల్లుళ్ళతో నింపారు.

బాపయ్యగారి భార్య రాజ్యం క్యారియర్లు సర్దుతూ అడిగింది. "ఏవండీ, మనుషుల్ని కాయల్లో పెట్టారటగా. పురుగు పట్టకుండా మందు కూడా కొట్టించారా?"

"ఊరుకోవే. మీ తమ్ముడికి చెప్పబోకు."

"వాడికి నా సాయమెందుకండీ. మీరున్నారుగా."

కోల్డ్ స్టోరేజీలో ఒక పక్క చలి, ఒక పక్క ఘాటు. ముగ్గురూ గోతాలు కప్పుకుని కూర్చున్నారు. "బాపయ్యగారూ, మా అమ్మ మీద ఒట్టండీ. ఇంట్లోనే పడుకుంటాను," అన్నాడు మాబు.

"ఒరేయ్, ధర పలికేదాకా సరుకు మాట్లాడకూడదురా," అని తలుపు వేయించారు.

ఉగాది పొద్దున బయటికి తీసి స్వహస్తాలతో పచ్చడి పెట్టారు. ముగ్గురూ ఏ రుచీ తెలియడం లేదన్నారు. ఊరి మీద భక్తంటే ఇదేనని కార్యదర్శి కళ్ళు తుడుచుకున్నాడు.

సాయంత్రం బాపయ్యగారు మైకందుకున్నారు. "సోదరులారా! మన జట్టుకి రంగు తగ్గలేదు, తూకం తగ్గలేదు. చెక్కు చెదరని సరుకు!"

చప్పట్ల మధ్య మాబు కూతకి వెళ్ళాడు. "కబడ్డీ, కబడ్డీ, కబ్..." అని ఒక్క తుమ్ము తుమ్మాడు. కూత తెగింది. తుమ్మాక కాసేపాగి కదలాలని ఊరిపెద్దలు ఆచారం గుర్తుచేశారు. అంపైరు ఆగలేదు.

తర్వాత అద్దంకి తరఫున నజీర్ కూతకి వచ్చాడు. శశిభూషణ్ "ఒరేయ్, బనీను జాగ్రత్త" అంటుండగానే వాణ్ణి ముట్టుకుపోయాడు. లక్ష్మీనరసింహం ఇంకా కరగలేదు. అల్లుళ్ళు అలవాటు ప్రకారం అన్నీ తమ దగ్గరికే రావాలని నిలబడ్డారు. అద్దంకివాళ్ళ చేతులు వచ్చాయి. మాబు వెళ్ళినప్పుడల్లా తుమ్మాడు. చివరిసారి నజీర్ వాడి మడమ పట్టుకుని, "తుమ్మరా, తుమ్ము. మొహమాటపడకు," అన్నాడు.

కప్పు అద్దంకి వెళ్ళింది. బావమరిది మంగలిని వెంటబెట్టుకుని వచ్చాడు. "మీసం కూడా ఏసీలో పెట్టించకపోయావా బావా?" అన్నాడు. రాజ్యం అద్దం పట్టుకుంది.

ఓటమి మీద విచారణ జరిగింది. సరుకు ఎంపికలో లోపం లేదు, దాచిన చోటులోనూ లోపం లేదు, తొందరపడి బయటికి తీయడమే పొరపాటని నివేదిక వచ్చింది. వచ్చే ఏడు సంక్రాంతికే లోపల పెట్టాలని తీర్మానించారు. ఊరి కోసం మీసాన్ని అర్పించిన బాపయ్యగారిని శాశ్వత అధ్యక్షులుగా ఎన్నుకుని, శాలువా కప్పారు. ఊరు ఊరంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

కొట్టనివాళ్ళు ముగ్గురే. వాళ్ళకి చేతులు ఖాళీ లేవు. ముక్కు తుడుచుకుంటున్నారు.