ఓబులేసు చేతుల కొలత

ఒక పెద్ద అడవిలో చెడుగుడు ఆడేవాళ్ళు నలభైమంది ఉంటే, ఎవరెలా ఆడతారో చెప్పేవాళ్ళు నాలుగు వందలమంది ఉండేవారు. ఆడేవాళ్ళకు మోకాళ్ళు పోయేవి. చెప్పేవాళ్ళకు ఏమీ పోయేది కాదు కనుక వాళ్ళ సంఖ్య ఏటా పెరిగేది.

ఆ అడవిలో నాలుగు జట్లున్నాయి. నది జట్టు మొసలిది, మైదానం జట్టు అడవిగేదెది, కొండ జట్టు ఎలుగుబంటి పెద్దిరాజుగారిది, చిత్తడి జట్టు తాబేలు చలపతిది. ఏటా ఎండాకాలం మొదట్లో, అడవి కాలేజీలో చదువు ముగించిన ఆటగాళ్ళను వరసగా నిలబెట్టేవారు. యజమానులు వంతులవారీగా వచ్చి తలా ఒకణ్ణి ఎంచుకునేవారు. ఎంపికైన నలుగురూ ఆటగాళ్ళు. మిగిలినవాళ్ళు ఇంటికి.

ఎవరి వంతు ఎప్పుడన్నది చీటీలు తీసి తేల్చేవారు. ఆ ఏడు మొసలిది మొదటి వంతు, గేదెది రెండోది, పెద్దిరాజుగారిది మూడోది. చలపతి మామూలుగానే చీటీలన్నీ అయిపోయాక చేరుకున్నాడు కాబట్టి ఆఖరి వంతు ఆయనకే మిగిలింది.

ఎంపికకు ముందు ఆటగాళ్ళను కొలిచి నివేదిక రాయడానికి ఒక పరీక్షా సంఘం ఉండేది. దాని అధ్యక్షుడు నక్క సుదర్శనం. పొద్దున పూట సంఘానికి అధ్యక్షుడు, మధ్యాహ్నం నుంచి కొండ జట్టుకు సలహాదారుడు. ఇది తప్పు కదా అని ఒక ఉడుత అడిగింది. దాన్ని తప్పు అనరు, అనుభవం అంటారు అని సంఘం జవాబిచ్చింది.

ఆ ఏడాది అందరికీ కావలసింది మూలలో నిలబడి పట్టేవాడు. చెడుగుడులో అవతలి జట్టువాడు ఊపిరి తీయకుండా కూత పెట్టుకుంటూ వస్తాడు, ఎవరినో తాకుతాడు, మధ్యగీత దాటి పారిపోతాడు. వాడు పారిపోకముందే మూలలోంచి వచ్చి కాలు పట్టేవాడు ఒకడుండాలి. వాడు లేని జట్టు తలుపు లేని ఇల్లే.

అలాంటివాడు కాలేజీలో ఒకడున్నాడు. పేరు ఓబులేసు, జాతి ఉడుము. మూడేళ్ళలో అతను పట్టిన కాలు ఒక్కటి కూడా మధ్యగీత దాటలేదు. ఎంపిక కాకపోతే మేనమామతో కలిసి చెదపుట్టలు తవ్వే పని సిద్ధంగా ఉంది. ఆ పని చెడ్డదేం కాదు. కాకపోతే చెదపురుగులు కూత పెట్టుకుంటూ మీదికి రావు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఓబులేసుకు గుండెలో రాయి పడ్డట్టుండేది.

అతని ఆట మూడేళ్ళూ చూసినవాడు సుదర్శనం ఒక్కడే. చూసి లెక్క కట్టుకున్నాడు. "వీణ్ణి గురించి నాలుగు మంచి మాటలు రాస్తే మొసలి ఎగరేసుకుపోతుంది. నాలుగు చెడ్డ మాటలు రాస్తే మూడో వంతు దాకా మిగిలుంటాడు. అప్పుడు మా రాజుగారి చెవిలో నేను అసలు సంగతి చెబుతాను."

ఇందులో ఒక ఇబ్బంది ఉండాలి కదా, నివేదిక పెద్దిరాజుగారికి కూడా వెళుతుంది కదా అని మీరనవచ్చు. వెళుతుంది. కానీ పెద్దిరాజుగారు పుట్టి బుద్ధెరిగాక ఒక్క నివేదిక చదివిన పాపాన పోలేదు. ఆయన వాటితో విసురుకుంటారు. మరీ దళసరిగా ఉంటే తలకింద పెట్టుకుంటారు.

పరీక్షల రోజు వచ్చింది. కొలతలు తీసేది కొంగ వకుళమ్మ. ముక్కుకు కళ్ళజోడు, చంకలో ముడులు వేసిన కొలత తాడు. ఆమెకు తాడు తప్ప ఇంకేదీ నమ్మకం లేదు.

ఎత్తు కొలిచారు. తోక కొలిచారు, చేతులు కొలిచారు. పరుగు చూశారు, గెంతు చూశారు. నోరు తెరిపించి పళ్ళు లెక్కపెట్టారు. అన్నిట్లోనూ మొదట నిలిచినవాడు దుప్పి వసంత్. వాడు అడుగు తీసి అడుగేస్తే మెరుపు. గెంతితే వకుళమ్మ తాడు చాలలేదు.

"ఆ కొస కాస్త పట్టుకో నాయనా" అని వకుళమ్మ తాడు రెండో కొసను ఓబులేసు చేతికిచ్చింది.

ఓబులేసు పట్టుకున్నాడు. దుప్పి గెంతును కొలిచారు. కుందేలు గెంతును కొలిచారు. భోజనాలకు వెళ్ళారు, వచ్చారు. సాయంత్రం వకుళమ్మ తాడు చుట్టబోతే అది రాలేదు. లాగింది. ఇద్దరు అడవిదున్నల్ని పిలిచి లాగించింది. తాడు ఓబులేసు పిడికిలి దగ్గరే పుటుక్కున తెగి, దున్నలు రెండూ వెల్లకిలా పడ్డాయి.

"ఏమిట్రా ఇది? వదలవేం?" అని వకుళమ్మ గయ్యిమంది.

"ఇడిసిపెట్టమని ఎవురూ చెప్పలేదు గదమ్మా" అన్నాడు ఓబులేసు, తెగిన ముక్క ఇంకా పిడికిట్లోనే పెట్టుకుని.

"సుదర్శనంగారూ, దీన్ని ఏ గడిలో రాయమంటారు? పట్టు అని మనకు గడి లేదే!"

"గడి లేనిది లేనట్టే. నడవడి అని ఉంది చూడండి, అందులో రాయండి" అన్నాడు నక్క.

సరిగ్గా అప్పుడే పరీక్షలు చూడాలని తెల్లవారి బయల్దేరిన చలపతి మైదానంలో అడుగుపెట్టాడు. అయ్యవారికి కనబడింది తెగిన తాడు, వెల్లకిలా పడ్డ రెండు దున్నలు, నడుమ నిలబడ్డ ఒక ఉడుము. కాసేపు ఆ మూడింటినీ మార్చి మార్చి చూసి, వెనక్కి తిరిగి ఇంటికి బయల్దేరాడు. ఎంపిక దినానికైనా సమయానికి చేరాలంటే అప్పుడే కదలాలి మరి.

నివేదిక తయారైంది. నాలుగో పేజీలో ఇలా ఉంది: "ఓబులేసు. చేతులు పొట్టి. తొలి అడుగు నెమ్మది. నాలుక పదేపదే బయటపెట్టును గనుక పెద్దలయెడ గౌరవము సందేహాస్పదము. సంఘపు తాడును నాశనము చేసెను. ఎంపికకు యోగ్యుడు కాడు." అయిదో పేజీలో దుప్పి వసంత్ గురించి ఉంది. అది పెళ్ళిళ్ళ పేరయ్య పెళ్ళికొడుకు గురించి చెప్పినట్టుంది. ఎదుటివాళ్ళు వాణ్ణి ఎగబడి తీసుకోవాలని సుదర్శనం ఆశ.

నివేదిక ప్రతిని కాలేజీ గోడకు కూడా అంటించారు. ఓబులేసు దాన్ని మూడుసార్లు చదివాడు. మూడేళ్ళుగా ఆ చేతులతోనే ఆడాడు. అవి పొట్టివని ఎవరూ చెప్పలేదు, అతనికీ తోచలేదు. ఇప్పుడు చూస్తే నిజంగానే పొట్టిగా కనబడ్డాయి. ఇంటికి వెళ్ళి, చేతులు సాగుతాయేమోనని ఒక కొమ్మ పట్టుకుని వేలాడాడు. రెండు రోజుల తర్వాత వాళ్ళమ్మ వచ్చి "చాల్లే దిగు నాయనా" అంటే దిగాడు. చేతులు సాగలేదు గాని, కొమ్మ కాస్త సాగింది.

ఇంతలో అడవిలో ఒక చిన్న ప్రమాదం జరిగింది. తేనె కోసం వెళ్ళిన పెద్దిరాజుగారిని తేనెటీగలు అరికాళ్ళ మీద కుట్టాయి. మూడు రోజులు గుహ దాటవద్దని వైద్యుడు చెప్పాడు. మొదటి రోజు ఆయన పడుకున్నారు. రెండో రోజు పడుకుని పడుకుని విసుగెత్తింది. మూడో రోజు తలకింద ఉన్న నివేదిక తీసి, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. ఆయనకు మహా ఆనందమైంది. చదవడం ఇంత సులువని ఎవరూ చెప్పలేదని నౌకర్లందరినీ కేకలేశారు.

ఎంపిక దినం రానే వచ్చింది. చలపతితో సహా అందరూ చేరారు.

మొసలి ముందుకొచ్చి వరస చివరిదాకా చూసి, "ఆ బొద్దుగా ఉన్న కుందేలు" అంది. నది జట్టులో ఏటా ఆటగాళ్ళు తగ్గుతుంటారు, ఎందుకని ఎవరూ అడగరు. నివేదికను మొసలి తెరవనైనా లేదు.

గేదె రెండో వంతుకు వచ్చి, "మా అన్నయ్య కొడుకు" అంది. వాడు పరీక్షలకే రాలేదని వకుళమ్మ గుర్తుచేసింది. "రాకపోతేనేం, మా అన్నయ్య కొడుకేగా" అని గేదె తోక విసిరింది. నివేదికను అది అప్పటికే నమిలేసింది.

సుదర్శనం పొంగిపోయాడు. ఓబులేసు వరసలో అలాగే ఉన్నాడు, తలవంచుకుని, చేతులు వెనక్కి దాచుకుని. నక్క గబగబా పెద్దిరాజుగారి చెవి దగ్గరికి వెళ్ళాడు.

"రాజుగారూ, ఆ ఉడుము. కళ్ళు మూసుకుని తీసేసుకోండి."

"ఏ ఉడుము?" అన్నారు పెద్దిరాజుగారు. "నాలుగో పేజీ ఉడుమేనా?"

నక్క ఒకడుగు వెనక్కి జరిగాడు. "తమరు... చదివారా?"

"ఆసాంతం చదివానయ్యా! చేతులు పొట్టి. తొలి అడుగు నెమ్మది. నాలుక బయటపెట్టును. ఎంత బాగా రాశావు! అలాంటివాణ్ణి నాకంటగడతావేం?"

"అది... కాయితం మీద అలా ఉంటుంది గానీ రాజుగారూ..."

"కాయితం మీద ఉన్నది అబద్ధమా?" పెద్దిరాజుగారి గొంతు పెరిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. "ఏమయ్యా సుదర్శనం, నువ్వు అబద్ధం రాశావా, ఇప్పుడు అబద్ధం చెబుతున్నావా? రెంటిలో ఏదో ఒకటి చెప్పు, నేనేమీ అనుకోను."

వకుళమ్మ కళ్ళజోడు సర్దుకుని చూస్తోంది. అబద్ధం రాశానంటే అధ్యక్ష పదవి పోతుంది. రాయలేదంటే ఓబులేసు పోతాడు.

"రాసిందే నిజమండీ" అన్నాడు నక్క.

"అయితే అయిదో పేజీ! దుప్పి వసంత్!" అని పెద్దిరాజుగారు గర్జించినంత పని చేశారు.

ఇక ఒక్క వంతే మిగిలింది. ఓబులేసు మేనమామ పలుగు తెచ్చుకుని మరీ ఓ పక్కన నిలబడి ఉన్నాడు. చలపతి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, ఓబులేసు ముందుకొచ్చాడు.

"అబ్బాయ్, ఆ రోజు తాడు ముక్క ఏం చేశావ్?"

ఓబులేసు వెనక దాచుకున్న చెయ్యి ముందుకు చాపి పిడికిలి విప్పాడు. ముక్క అందులోనే ఉంది. "ఇమ్మని ఎవురూ అడగలేదు సామీ."

"నాకు వీడు చాలు" అన్నాడు చలపతి. ఓబులేసుకు కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి. మేనమామ పలుగు భుజాన వేసుకుని, ఏడవాలో నవ్వాలో తెలియక వెళ్ళిపోయాడు.

పోటీలు మొదలయ్యాయి. నది జట్టుకు ఆడేందుకు ఆటగాళ్ళు మిగల్లేదు. మైదానం జట్టులో గేదె అన్నకొడుకు ఒక్క రోజూ రాలేదు. ఆఖరి పోటీకి కొండ జట్టూ చిత్తడి జట్టూ మిగిలాయి.

దుప్పి వసంత్ కొండ జట్టు మూలలో నిలబడ్డాడు. చిత్తడి జట్టు నుంచి ఒక కప్ప కూత పెడుతూ వచ్చింది. వసంత్ తొలి అడుగు నివేదికలో రాసినట్టే మెరుపు. కాకపోతే అది వెనక్కి పడింది. రెండో అడుగూ వెనక్కే. ఆనక అతన్ని పక్క అడవిలో చూశామని ఎవరో చెప్పారు.

ఇవతల ఓబులేసు ఒక్కొక్కరినే పట్టాడు. తోడేలును పట్టాడు, అడవిపిల్లిని పట్టాడు, కొండగొర్రెను పట్టాడు. నెమ్మదిగా ఒక్కడుగు ముందుకు వేసేవాడు, పొట్టి చేతులు చాపేవాడు, అంతే. చివరికి కొండ జట్టు ఒక్క పాయింటు వెనకబడింది. మిగిలింది ఒక్క కూత. కూతకు వెళ్ళడానికి మనిషి లేడు.

పెద్దిరాజుగారు నివేదిక చేత్తో పట్టుకుని లేచారు. ఈ మధ్య దాన్ని ఆయన వదలడం లేదు.

"సుదర్శనం! నువ్వెళ్ళు."

"నేనా! నేను సలహాదారుణ్ణి కదండీ!"

"నాలుగో పేజీ చూడు. వాడి చేతులు పొట్టి, అడుగు నెమ్మది. అలాంటివాణ్ణి తాకి రావడం ఎంతసేపయ్యా? నువ్వు రాసిందేగా!"

మళ్ళీ అదే చిక్కు. నక్క తోక ముడుచుకుని మధ్యగీత దాటాడు. "చెడుగుడు చెడుగుడు చెడుగుడు" అంటూ మూలకేసి వెళ్ళాడు. ఓబులేసు భుజాన్ని తాకాడు. వెనక్కి తిరిగాడు. తిరిగింది శరీరమే, కుడికాలు తిరగలేదు.

"చెడుగుడు చెడుగుడు..."

"విదిలించవయ్యా!" అని గట్టు మీంచి పెద్దిరాజుగారు అరిచారు. "చేతులు పొట్టివే కదా!"

"చెడుగుడు... చెడు... గుడు..."

"లాగవయ్యా! నాలుగో పేజీ, రెండో పంక్తి!"

నక్కకు కళ్ళు తిరిగాయి. ఊపిరి ఆఖరి చుక్కకు వచ్చింది. ఆ చుక్కతో గొంతు చించుకుని, "పొట్టివి కావు మహాప్రభో! అబద్ధం రాశాను!" అని అరిచాడు.

అది కూత కాదు కనుక ఈల మోగింది. నక్క అవుటు. చిత్తడి జట్టు గెలిచింది. కప్పలు రాత్రయ్యేదాకా ఆగలేక అక్కడే బెకబెకలు మొదలుపెట్టాయి.

"ఇక వదులు బాబూ" అని నక్క బతిమాలాడు.

"మా చలపతి సామి వచ్చి చెప్తే ఇడుస్తా" అన్నాడు ఓబులేసు.

చలపతి మైదానం అవతలి కొస నుంచి అప్పటికే బయల్దేరాడు. సగం దూరం వచ్చేసరికి పొద్దు వాలింది. వకుళమ్మ ఖాళీగా ఉండలేక కొత్త తాడు తీసి ఓబులేసు చేతులు కొలిచింది. పరీక్షనాడు ఉన్నంతే ఉన్నాయి, అంగుళం తేడా లేదు. ఆమెకు చాలా తృప్తిగా అనిపించింది.

మర్నాడు పరీక్షా సంఘం కూర్చుని, నివేదికలో పట్టు అని ఒక కొత్త గడి చేర్చింది. ఆ గడి నింపేందుకు పట్టు అంటే ఏమిటో స్వయంగా ఎరిగినవాడు కావాలన్నారు. సంఘంలో అలాంటివాడు ఒక్కడే ఉన్నాడు కనుక, కుడికాలికి కట్టుతో కుంటుకుంటూ వచ్చిన సుదర్శనాన్నే మళ్ళీ అధ్యక్షుణ్ణి చేశారు.

పెద్దిరాజుగారు మాత్రం ఇప్పుడు అన్నీ చదువుతున్నారు.

నీతి: అబద్ధపు నివేదిక రాయదలచినవాడు, ముందుగా తన యజమాని అరికాళ్ళు క్షేమంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.