ఆకాశానికీ టికెట్టు

ఒక పెద్ద అడవిలో ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. దాని పేరు వాగుమలుపు జట్టు.

అది గొప్ప జట్టేమీ కాదు. బయటి మైదానాల్లో ఆడితే ఓడిపోయి వచ్చి, అక్కడి నీళ్లు పడలేదని చెప్పేది. సొంత మైదానంలో మాత్రం దాని మీద గోలు కొట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

కారణం గోల్ కీపర్ భల్లయ్య. అతనొక ఎలుగుబంటి. ఒళ్లు పెద్దది, చేతులు పొడవు. అప్పుడప్పుడూ గోళ్లకు బంతి చిరిగిపోవడం తప్ప అతని మీద ఏ ఫిర్యాదూ లేదు.

భల్లయ్యకు చూపు ఆనదు. నాలుగు బారల అవతల ఉన్నది బంతో బండరాయో చెప్పలేడు. ఈ సంగతి జనానికి తెలుసు, కమిటీకి తెలియదు. కమిటీ వారు ఎప్పుడూ గోలు వెనక కూర్చోలేదు.

మరి ఎలా ఆపేవాడు?

మొదట్లో మైదానం వాగు మలుపులో ఉండేది. ఎండాకాలం వాగు ఎండిపోతే మిగిలే ఇసుక మీద ఆట. ఎడమగట్టు మీద బురద ఉండేది కాబట్టి అడవిపందులు అక్కడ కూర్చునేవి. కుడిగట్టు మీద గడ్డి ఉండేది కాబట్టి జింకలు అక్కడ నిలబడేవి. బంతి ఎడమకు వస్తే పందులు లేచి గుర్రుమనేవి. కుడికి వస్తే జింకలు అరిచేవి. గాల్లోకి లేస్తే గోలు వెనక తీతమ్మ అనే తీతువు పిట్ట గొంతు చించుకునేది. కేక ఎటు నుంచి వస్తే భల్లయ్య అటు దూకేవాడు.

ఇది ఎవరూ కూర్చుని ఏర్పాటు చేసింది కాదు. బంతి దగ్గరికి వస్తే ఎవరైనా అరుస్తారు. అంతే.

టికెట్టు లేదు. వచ్చేవాళ్లు ఆటగాళ్ల కోసం ఏదో ఒకటి నోట కరుచుకుని వచ్చేవాళ్లు. గడ్డో, పండో, చిగుళ్లో. భల్లయ్యకు మాత్రం కమిటీ పున్నమికొక తేనెపట్టు ఇచ్చేది. వయసు మీద పడింది. చూపు ఆనక చెట్టు ఎక్కలేడు. ఆ పట్టే అతని బతుకు.

ఒక వానాకాలం వాగు పొంగి గోలు స్తంభాలను పట్టుకుపోయింది. కమిటీ మైదానాన్ని ఇప్పదిబ్బ మీదికి మార్చింది. చుట్టూ ముళ్లకంచె వేసింది. కంచె ఖర్చు కింద తలకొక ఉసిరికాయ టికెట్టు పెట్టింది.

"ముందు కంచె లేదు, టికెట్టూ లేదు. ఇప్పుడు కంచె కోసం టికెట్టు, టికెట్టు కోసం కంచెనా?" అంది తీతమ్మ.

"పోనీలే పిన్నీ, ఒక్క కాయే కదా," అన్నాడు వరహాలు అనే అడవిపంది. ఎడమగట్టు కేకకు పెద్ద అతనే.

సణుక్కుంటూనే అందరూ ఇచ్చారు. లోపలికి వెళ్లి పందులు ఎడమవైపు, జింకలు కుడివైపు కూర్చున్నాయి. మైదానం మారింది కానీ కూర్చునే తీరు మారలేదు. భల్లయ్య ఒక్క గోలూ వదల్లేదు.

ఇలా కొన్నేళ్లు గడిచాక మయూరనాథం అనే నెమలి కమిటీకి అధ్యక్షుడయ్యాడు.

"ఈ దిబ్బ నాకు నచ్చలేదు," అన్నాడు మయూరనాథం మొదటి సమావేశంలోనే. "మైదానమంటే పక్క అడవికి కనపడాలి. అందులో నేను కూడా కనపడాలి."

ఆయన పక్కన కొత్త సలహాదారు కూర్చుని ఉన్నాడు. పేరు జంబుకేశం, జాతి నక్క. పట్నం స్టేడియం వెనక చెత్తకుప్ప దగ్గర రెండేళ్లు ఉండి వచ్చాడు. అక్కడ చిరిగిన టికెట్లు బోలెడు నమిలాడు. అందుచేత టికెట్ల విషయంలో అడవిలో అతన్ని మించిన చదువరి లేడు.

"అధ్యక్షా, చిన్న లెక్క," అన్నాడు జంబుకేశం. "ఇప్పుడు టికెట్టు ఒక కాయ. వెయ్యిమంది వస్తున్నారు. వెయ్యి కాయలు. టికెట్టు పది కాయలు చేస్తే వందమందే వస్తారు. అప్పుడూ వెయ్యి కాయలే."

"మరి లాభమేముంది?"

"ఆట అయ్యాక ఊడ్చేది వందమంది చెత్తే."

కమిటీ చప్పట్లు కొట్టింది. ఊడ్చే పని చేసే కాకి ఒక్కటే కొట్టలేదు. పని తగ్గితే కూలీ తగ్గుతుందని దానికి తెలుసు.

"ఇచ్చేవాళ్లు వందమంది ఉన్నారా?" అని అడిగాడు మయూరనాథం.

"కొండముచ్చులు ఉన్నాయి అధ్యక్షా."

అదీ నిజమే. నేల మీద తిరిగేవాళ్లకు ఉసిరికాయ గాలివాన వస్తేనే దొరికే వస్తువు. కొండముచ్చులు ఉసిరిచెట్ల మీదే కాపురం ఉంటాయి. వాటికి పది కాయలంటే చెయ్యి చాపడమే. అది కూడా కుడిచెయ్యి బద్ధకిస్తే ఎడమచెయ్యి.

అలా మైదానం కొండమీది చదునుకు ఎక్కింది. మూడువైపులా రాతిగోడ, ఒకవైపు లోయ. కొండముచ్చులకు ఎత్తు అరుగులు, ఎండ పడకుండా ఆకుల పందిరి. వాగు కింద లోయలోనే ఉండిపోయినా జట్టు పేరు వాగుమలుపు జట్టుగానే ఉంచారు. పేరుకు కూడా టికెట్టు వస్తుందని జంబుకేశం చెప్పాడు.

మొదటి ఆట రోజు వరహాలు పెళ్లాంతో, తొమ్మిదిమంది పిల్లలతో కొండెక్కి వచ్చాడు. గేటు దగ్గర జంబుకేశమే కూర్చున్నాడు.

"టికెట్టెంత బాబూ?"

"పది. వచ్చింది పెద్ద జట్టు కాబట్టి ఇవాళ పదిహేను. మబ్బు లేదు కాబట్టి మరో మూడు. నువ్వు ఆత్రంగా ఉన్నావు కాబట్టి మరో రెండు. మొత్తం ఇరవై."

"నా ఆత్రానికి కూడా నేనే ఇచ్చుకోవాలా?"

"నీదే కదా మరి."

"పిల్లలకు?"

"సగం. కానీ నలుగురి వరకే. పందుల సంగతి కమిటీకి తెలుసు."

వరహాలు కాసేపు లెక్క కట్టడానికి ప్రయత్నించాడు. ఈలోగా జంబుకేశమే చెప్పేశాడు. "నూట ఎనభై కాయలు. ఏడాది టికెట్టు తీసుకుంటే చవక."

"నూట ఎనభై నేను ఏడాదిలో తినను కూడా తినను బాబూ," అన్నాడు వరహాలు. "పోనీ, నేనొక్కణ్నీ వెళ్తాను. ఎడమవైపు కేక వెయ్యడానికి ఒకడైనా ఉండాలి. భల్లయ్య మావ కంగారు పడతాడు."

"కేకలు వేయకూడదు. అతిథులు మాట్లాడుకుంటూ ఉంటారు."

వరహాలు పెళ్లాం అతని తోక పట్టుకుని వెనక్కి లాగింది. "పద మావా. అవమానం చేయించుకోవడానికి కూడా ఇరవై కాయలా?"

పదకొండుమందీ కొండ దిగారు. జింకలు గేటు దాకా కూడా రాలేదు.

తీతమ్మకు గేటుతో పని లేదు. గోడ మీదుగా ఎగిరి గోలు వెనక వాలబోయింది. జంబుకేశం పరుగెత్తుకొచ్చాడు.

"పిన్నీ, టికెట్టు?"

"నేను నేల మీద వాలలేదు కదయ్యా. గాల్లోనే ఉన్నాను."

"మైదానం మీది ఆకాశం మైదానానిదే. ఆకాశం టికెట్టు ఎనిమిది కాయలు."

"ఓరి నీ తెలివి తగలెయ్య!" అంది తీతమ్మ. "అది మీద పడకుండా తరతరాలుగా రాత్రిళ్లు కాళ్లు పైకెత్తి పడుకున్నది మా జాతి. అద్దె ఇవ్వాల్సి వస్తే నువ్వే మాకివ్వాలి."

"ఆధారాలుంటే అర్జీ పెట్టుకో."

రెండు గద్దలను పిలిచి తరిమించారు.

ఆ రోజు భల్లయ్య గోలు ముందు నిలబడి చెవులు రిక్కించాడు. ఎడమవైపు ఏమీ లేదు. కుడివైపు ఏమీ లేదు. ఎత్తు అరుగుల మీద కొండముచ్చులు ఎవరి పెళ్లి సంబంధం గురించో మాట్లాడుకుంటున్నాయి. గోలు పడ్డాక ఎవరో చూసి చెబితే, అప్పుడు మర్యాదగా చప్పట్లు కొట్టాయి. భల్లయ్య ఆ చప్పట్ల వైపు దూకాడు. బంతి అప్పటికే వల లోపల ఉంది.

జట్టు ఆ ఆట ఓడింది. తరువాతి రెండూ ఓడింది. పున్నమికి వచ్చే తేనెపట్టు సగం పట్టు అయింది.

"భల్లయ్యా, ఇంకొక్క అవకాశం ఇస్తున్నాను," అన్నాడు మయూరనాథం. "వచ్చేది రేచుకుక్కల జట్టు. గోలు వదిలావంటే నీ తేనెపట్టూ నీ చోటూ మా బావమరిదికి పోతాయి. వాడు కూడా నెమలే. పురి విప్పితే గోలంతా మూసుకుపోతుంది."

"చిత్తం," అన్నాడు భల్లయ్య. కాసేపు నసిగి, "అధ్యక్షా, జనం లేరండి. కేక లేకపోతే నాకు... మనసు నిలవదండి," అన్నాడు. కళ్లు కనపడవని చెబితే ఆ సగం పట్టు కూడా పోతుందని భయం.

మయూరనాథం జంబుకేశం వైపు చూశాడు.

"జనం అక్కర్లేదు. కేక కావాలి, అంతేగా?" అన్నాడు జంబుకేశం. "జనం ఖరీదు. కేక చవక. వంద చిలకలను మాట్లాడతాను. తలా ఒక జామపండు. వాటికి పందిలా గుర్రుమనడం వచ్చు, జింకలా అరవడం వచ్చు. పైగా చెత్త వెయ్యవు."

"వాటిని ఎక్కడ కూర్చోబెడదాం?"

"అన్నీ ఒకే చెట్టు మీద. జామపండ్లు పంచడం తేలిక."

చెట్టు గోలుకు ఎడమవైపున ఉంది.

రేచుకుక్కల ఆట మొదలైంది. జంబుకేశం తోక ఊపగానే వంద చిలకలు పందుల్లా గుర్రుమన్నాయి. భల్లయ్య ముఖం వెలిగిపోయింది. 'వచ్చారు, వరహాలు వాళ్లు వచ్చారు!' అనుకుని ఎడమకు దూకాడు.

బంతి ఇంకా మైదానం మధ్యలోనే ఉంది.

లేచి దుమ్ము దులుపుకున్నాడు. జంబుకేశం మళ్లీ తోక ఊపాడు. చిలకలు ఈసారి జింకల్లా అరిచాయి. జింకలు ఎడమవైపుకు ఎప్పుడు మారాయో భల్లయ్యకు అర్థం కాలేదు. అయినా నమ్మి దూకాడు. బంతి కుడివైపు నుంచి లోపలికి పోయింది.

రేచుకుక్కల నాయకుడు రెండో గోలుకే సంగతి గ్రహించాడు. "ఒరేయ్, చిలకల చెట్టుకు అవతలి వైపు కొట్టండి," అన్నాడు. సగం ఆట అయ్యేసరికి ఐదు గోల్స్.

విరామంలో భల్లయ్య ఎవరికీ ముఖం చూపించలేక మైదానం అంచుకు, లోయ వైపుకు వెళ్లి కూర్చున్నాడు. తేనెపట్టు పోయింది. ఇక చెట్ల కింద రాలిన చీమల గూళ్లు వెతుక్కోవడమే.

అప్పుడు కింద నుంచి కేక వినిపించింది. ముందు ఎడమ నుంచి, తరువాత కుడి నుంచి. ఆ పైన, "టిటీ టిటీటీ" అని తీతమ్మ గొంతు.

ఎండాకాలం కదా, వాగు ఎండింది. పాత మలుపులో ఇసుక తేలింది. వరహాలు తొమ్మిదిమంది పిల్లలూ జింక పిల్లలతో ఆడుతున్నారు. పెద్దలు ఎవరి గట్టు మీద వాళ్లు కూర్చుని అరుస్తున్నారు.

భల్లయ్య బంతి చంకన పెట్టుకుని కొండ దిగడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికన్నా?" అని జట్టు వెంటపడింది.

"నాకు కళ్లు కనపడవురా," అన్నాడు భల్లయ్య ఆగకుండా. "ఇన్నేళ్లూ చూసింది వాళ్లు. దూకింది నేను. నా కళ్లు అక్కడున్నాయి. నేనిక్కడుండి ఏం చెయ్యను?"

జట్టులో ఒకరి ముఖం ఒకరు చూసుకుని వెనకే నడిచారు. రేచుకుక్కల నాయకుడు పైనుంచి పిలిచాడు. "ఓ భల్లయ్యా, ఆట సగం మిగిలుంది!"

"కింద ఆడదాం, రా."

నాయకుడు తల తిప్పి అరుగుల వైపు చూశాడు. కొండముచ్చులన్నీ మైదానానికి వీపు పెట్టి కూర్చుని ఉన్నాయి. "ఐదు గోల్స్ కొట్టాం, ఒక్కడైనా తిట్టలేదు," అన్నాడు చిన్నబుచ్చుకుని. "పదండిరా, కనీసం అక్కడ తిడతారు."

మిగిలిన సగం వాగు మలుపులో జరిగింది. రేచుకుక్కలకు కావలసినన్ని తిట్లు దొరికాయి, ఒక్క గోలు దొరకలేదు. భల్లయ్య ఎడమకు దూకితే ఎడమన బంతి ఉంది. కుడికి దూకితే కుడిన ఉంది. ఒకసారి తీతమ్మ అరిస్తే ఉన్నచోటనే చేతులు పైకెత్తాడు. బంతి వచ్చి చేతుల్లో పడింది.

వాగుమలుపు జట్టు రెండు గోల్స్ కొట్టింది. ఐదు-రెండుతో ఓడిపోయింది. జనం గెలిచినంత గోల చేశారు.

వరహాలు వచ్చి భల్లయ్య పక్కన కూలబడ్డాడు. "మావా, తేనెపట్టు తేవడం మా వల్ల కాదు. మేమూ చెట్టెక్కలేం. ఇదిగో, తలా కొంచెం ఇప్పపువ్వు నోట కరుచుకొచ్చాం."

భల్లయ్య ఆ కుప్పను వాసన చూశాడు. ఎలుగుకు ఇప్పపువ్వు ముందు తేనె ఎంత? "పున్నమి దాకా ఆగాలా?" అని మాత్రం అడిగాడు.

"ఆటకొకసారి," అంది తీతమ్మ. "అన్నా, నువ్వు తిను. లెక్కలు నక్క చూసుకుంటాడు."

కొండ మీద జంబుకేశం నిజంగానే లెక్కలు చూసుకుంటున్నాడు. కొండముచ్చులు చీకటి పడేదాకా కబుర్లాడి, ఆట చాలా బాగుందని మెచ్చుకుని వెళ్లాయి. జట్టు లేచిపోయిన సంగతి వాటిలో ఒక్కదానికీ తెలియలేదు.

మయూరనాథం కంగారుగా వచ్చాడు. "జంబుకేశం, జట్టు వెళ్లిపోయింది! ఇప్పుడేం చేద్దాం?"

"వసూలు ఎప్పటంతే వచ్చింది అధ్యక్షా. ఇక తేనెపట్టు ఖర్చు లేదు, బంతి ఖర్చు లేదు." అన్నాడు జంబుకేశం. "వచ్చే ఏడాది టికెట్టు పదిహేను చేద్దాం."

అలాగే చేశారు. ఆ మైదానంలో ఇప్పటికీ ఒక్క టికెట్టు మిగలదట.

నీతి: ఆట చూడటానికి వచ్చేవాడికి ఒక్క కాయ టికెట్టు కూడా భారమే, తాను కనపడటానికి వచ్చేవాడికి ఆట లేకపోయినా చవకే.