పెద్దల వరసలో వెబ్ ఆప్షన్లు

అవనిగడ్డని ముందు పెడితే గుడివాడకి కోపం వస్తుంది, గుడివాడని ముందు పెడితే అవనిగడ్డ పైకి ఏమీ అనదు గానీ ఆర్నెల్లు ఫోన్ ఎత్తదు, ఈ రెండింటి మధ్య ఉయ్యూరుని ఎక్కడ ఇరికించాలి అని నాగేంద్రబాబు పెరట్లో పళ్ళు తోముకుంటూ ఆలోచిస్తున్నాడు. అవి ఊళ్ళు కావు, చుట్టాలు. అవనిగడ్డ అంటే అతని అక్క లక్ష్మీకాంతం. గుడివాడ అంటే భార్య సువర్ణకి అన్నగారైన కాంతారావు. ఉయ్యూరు అంటే తోడల్లుడు శశిధర్. కూతురు అలేఖ్య ఇంటర్ పాసైంది. డిగ్రీ కాలేజీలకి వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆ రోజే ఆఖరు. టిఫిన్ చేసి, ఆప్షన్లు పెట్టేసి, ఎండ ముదరకముందే పెడన చివర ఉన్న తన కలంకారీ షెడ్డుకి వెళ్ళి అద్దకం పని చూసుకోవాలని అతని ఉద్దేశం.

పిల్ల అవనిగడ్డలో తన ఇంట్లో ఉండి కంప్యూటర్స్ మేజర్ చదవాలని అక్క అంది. గుడివాడలో తన ఇంట్లో ఉండి ఆక్వాకల్చర్ చదవాలని, చేపల చెరువులున్న కాంతారావు అన్నాడు. ఉయ్యూరులో తన ఇంట్లో ఉండి కెమిస్ట్రీ చదవాలని, చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే శశిధర్ అన్నాడు. నాగేంద్రబాబు ముగ్గురికీ "తప్పకుండా" అన్నాడు. కాదన్నప్పుడు ఎదుటివాళ్ళ ముఖంలో ఒక చిన్న మార్పు వస్తుంది. దాన్ని చూసి తట్టుకునే శక్తి అతనికి లేదు. అది వచ్చేదాకా కూడా ఆగడు. వస్తుందేమోనన్న అనుమానానికే అతని నోరు ఒప్పేసుకుంటుంది.

అతని భయం ఉత్తిది కాదు. గృహప్రవేశం కార్డులో కాంతారావు పేరు లక్ష్మీకాంతం పేరు కింద పడింది. ఆయన వచ్చాడు, బట్టలు పెట్టాడు, విస్తరి ముందు మాత్రం కూర్చోలేదు. నాగేంద్రబాబు చెయ్యి పట్టుకుని బతిమాలగా బతిమాలగా కూర్చున్నాడు. తిన్నాక గారెలు బాగున్నాయన్నాడు.

కార్డు గుర్తుకు రాగానే నాగేంద్రబాబుకి దారి దొరికింది. ఈసారి ఎవరడిగినా వయసు లెక్క అని చెప్పొచ్చు. పెద్దలు పైన, పిల్లలు కింద. దానికి వంకపెట్టేవాడు ఉండడు. నోరు పుక్కిలించి లోపలికి వచ్చి, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కూతురితో వరస చెప్పాడు. మొదట అత్తయ్య, తర్వాత మావయ్య, ఆ తర్వాత బాబాయి.

"మరి నాది?" అంది అలేఖ్య.

తోటి పిల్లలతో కలిసి బందరులో డచ్చివాళ్ళ సమాధులు చూసి వచ్చినప్పటి నుంచీ ఆ పిల్ల హిస్టరీ అంటోంది. ఇంటి దగ్గరే ఉండి, రోజూ బస్సులో బందరు వెళ్ళి చదువుకుంటానంది. ఎప్పుడో చచ్చిపోయిన వాళ్ళ పేర్లు రాతి మీద వేలితో తడిమి చదువుతుంటే కలిగిన ఆనందం గురించి ఒక సాయంత్రం తండ్రికి చెప్పింది కూడా. అతను దానికీ "తప్పకుండా" అన్నాడు.

"నీదీ పెడదాం తల్లీ. కార్డులో పిల్లల పేర్లు ఆఖర్నే కదా వస్తాయి."

"మొదటిదాంట్లో సీటొస్తే కింద ఉన్నవి చూడరు నాన్నా."

"చూడకపోయినా, ఉన్నట్టుంటుంది."

అలేఖ్య నాలుగూ పెట్టింది. కార్డు అచ్చుకి ఇచ్చేముందు అందరికీ ఒకసారి చూపించడం పద్ధతి గనక, నాగేంద్రబాబు ఆ తెర ఫోటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఇడ్లీ తుంచేలోపు ఫోన్ మోగింది.

"బావా, నేను రెండోవాణ్ణా?" అన్నాడు కాంతారావు.

"అక్కయ్య వయసులో పెద్దది కదా బావా."

"వయసు సంగతి కాదు. రేపు పెళ్ళిలో పిల్లని బుట్టలో కూర్చోబెట్టి మోసుకొచ్చేది మేనత్తా, మేనమామా?"

"మేనమామే."

"మోసేటప్పుడు ముందు నేను, చదివించేటప్పుడు వెనక నేను. బాగుంది."

గుడివాడ పైకి వెళ్ళింది. కొత్త ఫోటో గ్రూపులోకి వెళ్ళింది. ఈసారి లక్ష్మీకాంతం.

"ఏరా అబ్బాయ్, దానికి పేరు పెట్టింది ఎవరు?"

"నువ్వే అక్కయ్యా."

"బారసాల్నాడు నేను పేరు చెప్పేదాకా అది ఎవరికీ ఏమీ కాదు. అది గుర్తుంచుకుంటే చాలు. నాకేం కోపం లేదు."

అక్క కోపం లేదందంటే ఇక ఆర్నెల్లు ఫోన్ ఎత్తదని నాగేంద్రబాబుకి తెలుసు. ఫోన్ పెట్టేసి కూతురి పక్కన కూర్చున్నాడు.

"ఇద్దరినీ పక్కపక్కన పెట్టలేమా? కార్డులో ఎడం వైపు ఒకరు, కుడివైపు ఒకరు వేస్తారు చూడు."

"ఇక్కడ పక్కలుండవు నాన్నా. పైనా కిందే."

అప్పుడు అతనికి మైనర్ గుర్తొచ్చింది. మేజర్‌తో పాటు ఒక మైనర్ సబ్జెక్టు కూడా ఉంటుందని కూతురు చెప్పింది. మేజర్ బావగారిది, మైనర్ అక్కయ్యది అంటే ఇద్దరూ ఉన్నట్టే. సంతోషం పట్టలేక ఆ మాట వెంటనే గ్రూపులో రాసేశాడు.

"అంటే నాది చిన్నదన్నమాట," అని లక్ష్మీకాంతం వాయిస్ మెసేజ్ పెట్టింది.

"ఆవిడది చిన్నదెలా అవుతుంది, కావాలంటే నాదే చిన్నది చెయ్యండి," అని కాంతారావు రాశాడు. అందులో మర్యాద ఎంతో, మంట ఎంతో నాగేంద్రబాబు తేల్చుకునేలోపు శశిధర్ ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, చదువు విషయంలో వయసూ వరసా ఏంటి? చదువుని బట్టి పెట్టాలి. మన ఇళ్ళలో ఎమ్మెస్సీ నేనొక్కణ్ణే. నాకోసం చెప్పట్లేదు."

"మైనర్ పెట్టేది ఇప్పుడు కాదు కదా, మొదటి సెమిస్టర్ అయ్యాక," అంటూ అలేఖ్య వెనక నుంచి చెబుతూనే ఉంది. వినేవాళ్ళు లేరు.

మధ్యాహ్నానికి వరస అన్ని విధాలా తిరిగింది. ఉయ్యూరు ఒకసారి పైకెక్కి దిగింది. అవనిగడ్డ ఎక్కిన ప్రతిసారీ గుడివాడ అలిగింది. హిస్టరీ ఒక్కటే ఎక్కడా కదలకుండా అడుగున ఉంది. షెడ్డు నుంచి రెండుసార్లు కబురొచ్చినా నాగేంద్రబాబు కదల్లేదు.

భోజనాల వేళకి కాంతారావు గ్రూపులో రాశాడు. "మా గుడివాడ తీసెయ్యండి. ఎవరికీ అడ్డు రాము." వెంటనే లక్ష్మీకాంతం గొంతు, కొంచెం జీరగా: "మాదీ తీసెయ్ రా అబ్బాయ్. పిల్ల ఎక్కడున్నా చల్లగా ఉండాలి." శశిధర్ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, కింద "నాది కూడా" అన్నాడు.

మూడు ఊళ్ళలో ముగ్గురు ఫోన్లు చేతిలో పట్టుకుని దేనికోసం ఎదురుచూస్తున్నారో నాగేంద్రబాబుకి తెలుసు. బతిమాలాలి. ముందు ఎవరిని బతిమాలాలన్నది మళ్ళీ ఇంకో వరస.

"అన్నయ్యకి చెయ్యండి ముందు," అంది సువర్ణ మజ్జిగ పోస్తూ. "నొచ్చుకున్నాడు."

అతను ఫోన్ తీసుకున్నాడు. మాటలు కూడా గొంతులో సిద్ధంగానే ఉన్నాయి. మీరు లేకపోతే నేనెక్కడ బావా, అని మొదలవుతుంది.

"నాన్నా," అంది అలేఖ్య. "పోనీ అత్తయ్యది మొదట ఉంచేద్దాం. మావయ్యకి నేను చెప్పుకుంటాలే. నాకు కంప్యూటర్స్ అయినా పర్లేదు, తప్పకుండా చదువుతాను. నువ్వు అన్నం తిను."

ఆ పిల్ల నవ్వుతూనే అంది. నాగేంద్రబాబు ఆ నవ్వుని గుర్తుపట్టాడు. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనిపించేదే. ఎదుటి ముఖంలో మార్పు రాకుండా చూసుకోవడానికి ముందుగానే అడ్డం పెట్టే నవ్వు. కూతురికి తన ముక్కు రాలేదు, తన రంగు రాలేదు అని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. వచ్చింది ఇది. నేర్పినట్టు కూడా గుర్తులేదు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"వాళ్ళు ఏమన్నారమ్మా?" అన్నాడు.

"ఎవరు?"

"అందరూ. గ్రూపులో."

"తీసెయ్యమన్నారు."

"మరి పెద్దవాళ్ళ మాట వినొద్దూ?"

అలేఖ్యకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. సువర్ణకి ముందే అర్థమైంది. మజ్జిగ గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "ఏవండీ, మాటవరసకి అంటారు గానీ నిజంగా తీసేస్తారా ఎవరైనా?"

"ముగ్గురూ నోటితో చెప్పారు సువర్ణా. కాదనడానికి నేనెవర్ని?"

అలేఖ్య తీసేసింది. గుడివాడ పోయింది, అవనిగడ్డ పోయింది, ఉయ్యూరు పోయింది. అడుగునున్న హిస్టరీ, ఎవరూ పైకి తోయకుండానే, మొదటి ఆప్షన్ అయి కూర్చుంది.

"ఒక్కటే పెడితే సీటు రాదేమో," అన్నాడు నాగేంద్రబాబు, చివరిసారిగా భయపడుతూ.

"హిస్టరీలో రాకపోవడం కష్టం నాన్నా."

ఓటీపీ అతని ఫోన్‌కి వచ్చింది. చదివి చెప్పాడు. ఖరారు చేసే మీట అలేఖ్యని నొక్కనివ్వలేదు. ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చి తనే నొక్కాడు.

"ఇప్పుడైనా అన్నయ్యకి ఫోన్ చేస్తారా?" అంది సువర్ణ.

"చేస్తాను," అని నాగేంద్రబాబు ఫోన్‌ని మోగకుండా చేసి, లోపలి గదిలో ఛార్జింగ్‌కి పెట్టి, తలుపు దగ్గరగా వేసి షెడ్డుకి బయలుదేరాడు.

ఛార్జింగ్ నిండుగానే ఉంది.