పరీక్ష రోజు నాచు చారు

సోల్బి పరీక్ష రాసే గురువారానికి ఆమె తల్లి చున్‌మి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఐదింటికి లేవాలి, ముల్లంగి చారు కాచాలి, ఫ్లాస్కులో పోసి కూతురిని సాగనంపాలి, ఆ తర్వాత సాయంత్రం దాకా భయపడుతూ కూర్చోవాలి. చివరి పని ఆమెకు బాగా అలవాటే.

సోల్బికి మార్కులు రాక కాదు ఈ గొడవంతా. పోయినేడు మూడు వందలకు రెండు వందల తొంభై రెండు వచ్చాయి. వాళ్లుండే తేగు ఊళ్లో అన్ని మార్కులొస్తే కొందరు బంధువులను పిలిచి భోజనాలు పెడతారు. కాని పశువైద్యం సీటుకు సరిగ్గా రెండు మార్కులు తక్కువయ్యాయి. వేరే చదువులో చేరి, మనసొప్పక మానేసి, "ఇదే ఆఖరుసారి" అని ఒట్టేసుకుని పిల్ల ఏడాదంతా మళ్లీ చదివింది. ఆ రెండు మార్కుల కోసం వెళ్తే ఉన్న మార్కులూ ఎక్కడ ఊడిపోతాయోనని తల్లి బెంగ.

ఆ గురువారమే చాంద్రమానం లెక్కన అత్తగారి ఎనభయ్యో పుట్టినరోజు కూడా వచ్చి కూర్చుంది. పుట్టినరోజున సముద్రపు నాచు చారు తాగకపోతే ఆవిడ వయసు పెరిగినట్టే ఒప్పుకోదు. పరీక్ష రోజున అదే చారు తాగితే నాచు మీద కాలేసినట్టు జర్రున జారి పడతారని అందరి భయం. పరీక్ష ఉన్న ఇంట్లో ఆ రోజు దాని పేరు కూడా ఎత్తరు. అందుకని చున్‌మి కింది అంతస్తు ఇంటావిడ పొయ్యి మీద రహస్యంగా నాచు చారు కాచి, ఫ్లాస్కులో పోసి, గుడ్డ చుట్టి పైకి తెచ్చింది.

"అత్తయ్యా, ఇది పట్టుకెళ్లి కింద వృద్ధుల గదిలో తాగండి. ఇంట్లో మూత తియ్యకండి."

"ఎనభై ఏళ్లొచ్చాక పుట్టినరోజు చారు దొంగసారాలా తాగాలా నేను?" అంది అత్తగారు.

"ఒక్క ఈ రోజుకేనండీ. మీ మనవరాలి బతుకు."

"ఆ బతుకు నాచు మీద నడుస్తోందని నాకు తెలీదే!" అని సణుగుతూ ఆవిడ ఆకుపచ్చ ఫ్లాస్కు తీసుకుని కిందికి దిగింది. సోల్బి కూడా ఆకుపచ్చ ఫ్లాస్కే సంచిలో పెట్టుకుని, తండ్రి కారులో పరీక్షా కేంద్రానికి వెళ్లిపోయింది. ఫ్లాస్కులు రెండూ ఒకే రోజు ఒకే కొట్లో కొన్నవి.

ఏడూ నలభై అయిదుకు ఫోను మోగింది.

"ఒసే కోడలా, నా పుట్టినరోజు చారులో ముల్లంగి ముక్కలేమిటే?"

అంటే నాచు చారు సోల్బి సంచిలో వెళ్లిందన్నమాట! పరీక్షా కేంద్రం గేటు మూసేది ఎనిమిదీ పదికి. పిల్లకు ఫోను చేద్దామంటే ఫోను ఇంట్లోనే పెట్టి వెళ్లింది. చున్‌మి కిందికి పరుగెత్తి, అత్తగారి చేతిలోంచి ఫ్లాస్కు లాక్కుని, ఇంటి చెప్పులతోనే రోడ్డున పడింది. ఆ రోజు మలుపు మలుపుకూ పోలీసులు మోటారు సైకిళ్లు వేసుకుని, ఆలస్యమైన పిల్లలెవరైనా దొరుకుతారా అని ఎదురుచూస్తుంటారు. వాళ్లలో ఒకతనికి చున్‌మి దొరికింది.

"ఏ స్కూలండీ? ఎక్కండి, ఎక్కండి!"

ఆమె ఆయాసంతో స్కూలు పేరు మాత్రం చెప్పగలిగింది. సైరను మోగింది.

"ఈ వయసులో కాలేజీ పరీక్ష రాస్తున్నారంటే మీకు దండం పెట్టాలమ్మగారూ!" అని అరిచాడతను ముందు నుంచి.

కాదని చెబుదామంటే గాలి నోట్లో దూరుతోంది. కార్లు పక్కకు తప్పుకున్నాయి. ఎర్రదీపం దగ్గర ఎవరో కిటికీలోంచి తల బయటపెట్టి, "వదలద్దు అక్కా!" అన్నారు. గేటు దగ్గర కాచుకుని ఉన్న తల్లులందరూ చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఒకావిడ పరుగున వచ్చి, మార్కులు అతుక్కోవాలని పెట్టే బంక మిఠాయి పెద్ద ముక్క ఆమె నోట్లో కుక్కింది. దాంతో మాట్లాడే దారి పూర్తిగా మూసుకుపోయింది. గేటు ఆమె వెనకే మూసుకుంది.

"ప్రవేశపత్రం?" అన్నాడు గేటు లోపల నిలబడ్డ ఒక కళ్లజోడు మాస్టారు.

చున్‌మి మిఠాయిని అతికష్టం మీద బుగ్గన పెట్టుకుంది. "నేను రాయడానికి రాలేదండీ. మా అమ్మాయి రాస్తోంది. దాని భోజనం సంచిలో ఉండకూడని వస్తువొకటి వెళ్లింది."

మాస్టారి ముఖం మారిపోయింది. "ఏం వస్తువు?"

ఆమె గేటు వైపు చూసింది. ఊచల్లోంచి ముప్పయిమంది తల్లులు చెవులు రిక్కించి వింటున్నారు. వాళ్ల ముందు ఈ రోజున ఆ చారు పేరెత్తితే ముప్పయిమంది పిల్లల ఉసురు తగలదూ?

"చెప్పకూడదండీ."

"చెప్పకూడదా! ఎవరు పెట్టారు?"

"నా చేతులతో నేనే... కాదు, నేను పెట్టలేదు, నేను తయారుచేశాను."

"తయారు కూడా చేశారా?" మాస్టారు చేతిలోని వాకీటాకీ నోటి దగ్గరికి తీసుకున్నాడు. "అమ్మా, సంచిలో ఫోనో, చెవిలో పెట్టుకునే యంత్రమో దొరికితే మీ అమ్మాయి పరీక్ష రద్దు. పైయేడు కూడా రాయనివ్వరు. తెలుసా?"

రెండు మార్కులు నిలబెట్టడానికి వచ్చి రెండేళ్లు పోగొట్టేలా ఉంది. "యంత్రం కాదండీ, తాగేదండీ!" అని ఏడుపు గొంతుతో అంటే, మాస్టారికి ఇంకా అనుమానం పెరిగింది.

తరగతి గదిలో ముందు వరసగా పెట్టించిన సంచుల్లోంచి సోల్బి సంచి గేటు పక్క గదిలోకి వచ్చింది. ఒక పోలీసు, ఒక టీచరమ్మ, మాస్టారు చుట్టూ నిలబడ్డారు. అన్నం, గుడ్డు, ఊరగాయ బయటికొచ్చాయి. మాస్టారు ఫ్లాస్కును చెవి దగ్గర ఊపి విన్నాడు. తర్వాత చేతులు కాస్త దూరంగా పెట్టి మూత తీశాడు.

సముద్రం వాసన గుప్పుమంది.

మాస్టారు చున్‌మి వైపు చూసిన చూపులో అనుమానం పోయి, జాలి వచ్చింది. టీచరమ్మ మాత్రం గోడదాకా వెనక్కి నడిచింది.

"మూత పెట్టండి మాస్టారూ! మా వాడు కూడా ఇవాళే రాస్తున్నాడు!"

"అందుకేనండీ పేరు చెప్పంది," అని చున్‌మి తన ఫ్లాస్కు ముందుకు చాపింది. "ఇది ముల్లంగి చారు. ఇది పంపి, అది నాకిచ్చెయ్యండి."

మాస్టారు నిట్టూర్చాడు. "పిల్ల లోపలికి వెళ్లాక బయటి వస్తువేదీ పంపకూడదమ్మా. నేను మీ కష్టం అర్థం చేసుకున్నాను, నిబంధన చేసుకోదు."

"పోనీ అది పారబోసెయ్యండి!"

"పిల్ల భోజనం పారబోసే నిబంధన కూడా లేదు."

నాచు చారు మళ్లీ మేడ మీది పరీక్ష గదికి ఎక్కింది. చున్‌మి ఇంటి చెప్పులతో సాయంత్రం దాకా గేటు బయట నిలబడి, పొద్దుటి నుంచి మోస్తున్న ముల్లంగి చారును చూసినప్పుడల్లా కళ్లు తుడుచుకుంది.

అయిదింటికి సోల్బి నవ్వుతూ బయటికొచ్చింది.

"తల్లీ, ఆ ఫ్లాస్కు... తాగలేదు కదూ?"

"చుక్క మిగల్చలేదమ్మా. కింది ఆంటీ వంటింట్లో కాచావు కదా, పైకి వాసన రాదనుకున్నావా? నేనే మార్చుకున్నాను."

"నువ్వే మార్చావా!"

"మరేం చెయ్యను? పోయినేడు జారకూడదని బంక ముద్దలు, బంక అన్నం, బంక మిఠాయి పెట్టావు. ఇంగ్లీషు వినే పరీక్షలో చప్పుడు కాకూడదని దేశమంతా విమానాలు ఆపారు గాని, నా పొట్టలో గుడగుడ ఆపలేకపోయారు. నాకు వినపడని ప్రశ్న సరిగ్గా ఒక్కటే. విలువ రెండు మార్కులు. అందుకే ఈసారి పొట్టలోకి తేలిగ్గా జారేదే తాగాను."

డిసెంబరులో ఫలితాలొచ్చాయి. రెండు వందల తొంభై ఆరు. సీటుకు కావలసిన దానికన్నా రెండు ఎక్కువ. అత్తగారు వృద్ధుల గదిలో అందరికీ తన చారు గొప్పేనని చెప్పుకొచ్చింది. చున్‌మి ఏడ్చింది, నవ్వింది, మార్కుల కాగితం మూడుసార్లు తడిమి చూసుకుంది. తర్వాత ఆమె ముఖంలోకి మెల్లిగా బెంగ తిరిగొచ్చింది.

"సోల్బీ, ఆ చారు తాగి ఇంత జారితేనే ఇన్నొచ్చాయంటే, తాగకుండా ఇంకొక్కసారి రాస్తే ఎన్నొస్తాయే?"

సోల్బి లేచి చెప్పులేసుకుంది. కాలేజీ దరఖాస్తుకు తల్లి సంతకం అక్కర్లేదని ఆ సాయంత్రమే వెళ్లి కనుక్కుని వచ్చింది.