వీర్రాజు మాస్టారి సన్మానం

ముమ్మిడివరంలో సైన్సు చెప్పి రిటైరైన వీర్రాజు మాస్టారు ఆ ఉదయం గుట్టుగా అమలాపురం వెళ్ళి, భోజనం వేళకి తిరిగి వచ్చేద్దామనుకున్నారు. ఏడాదిగా ఆయనకి మూత్రం సాఫీగా రావడం లేదు. రాత్రి పడుకోవడం కంటే లేవడమే ఎక్కువైంది. ఒంట్లోని ప్రతి అవయవాన్నీ బోర్డు మీద బొమ్మగీసి చెప్పిన మనిషికి, ఆ ఒక్క గ్రంథి పేరు భార్య దగ్గర ఎత్తడానికి నోరు రాలేదు.

"పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసేరు. ఎక్కడికండీ?" అంది సుగుణమ్మ.

"అమలాపురంలో... చిన్న సన్మానం," అనేశారాయన.

ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆయన ఆటో ఎక్కారో లేదో, చర్చి సంఘమంతా కబురు పాకింది. సంఘపెద్ద సాల్మన్ వ్యాను మాట్లాడాడు. పాటల బృందం డోలక్కుతో సహా ఎక్కేసింది.

అక్కడ ఆసుపత్రిలో, నీళ్ళు బాగా తాగి, స్కానింగు అయ్యేదాకా ఆపుకోమన్నారు. మాస్టారు మోకాళ్ళు దగ్గరికి బిగించి, దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చున్నారు. ఫోను ఛార్జింగు కోసం కౌంటర్లో ఉన్న శారోన్‌కి ఇచ్చారు. అది మోగింది. వ్యానులోంచి సుగుణమ్మ.

"ఆయ్, మాస్టారు ఇక్కడే ఉన్నారండీ," అంది శారోన్. "గడియార స్తంభం వెనక వీధి, మేడ మీద. తొందరగా రండి, ఆయన వంతు వచ్చేత్తంది."

"ఎలా ఉన్నారమ్మా?"

"కుర్చీలో కుదురుగా కూచోలేకపోతున్నారండీ."

"సంతోషం పట్టలేక!" అని సుగుణమ్మ వ్యానులో అందరికీ చెప్పింది.

మెట్ల మీద డోలక్కు వినబడగానే మాస్టారికి ఉన్న కాస్త నిగ్రహం కూడా సడలింది.

"స్టేజీ ఎక్కడండీ?" అన్నాడు సాల్మన్.

సరిగ్గా అప్పుడే శారోన్ గట్టిగా పిలిచింది. "వీర్రాజుగారూ, ప్రోస్టేటు స్కానింగు! లోపలికి రండి."

డోలక్కు ఆగిపోయింది. మాస్టారు ఆగలేదు.

ఆయన డాక్టరుగారిని కూడా కలిసి బయటికి వచ్చేసరికి సుగుణమ్మ కళ్ళు తడిగా ఉన్నాయి. "నాతో చెప్పడానిక్కూడా సిగ్గేనా అండీ?"

ఆ మాట మాస్టారికి సూటిగా తగిలింది. చొక్కా సర్దుకుని, పాఠం చెప్పే గొంతుతో అందుకున్నారు. "ప్రోస్టేటు గ్రంథి. మూత్రసంచి కింద నిమ్మకాయంత ఉంటుంది. వయసు మీద పడే కొద్దీ పెరిగి మూత్రనాళాన్ని నొక్కుతుంది. నాది బత్తాయి అంత అయిందట. కేన్సరులా లేదన్నారు, అయినా రక్తపరీక్ష రాశారు, మాత్రలిచ్చారు. ఇంకా దాచుంటే ఏదో ఒకరోజు మూత్రం మొత్తం ఆగిపోయేదట."

ఎవరూ నవ్వలేదు. సాల్మన్ దగ్గరికి జరిగి, "రాత్రి పదేపదే లేస్తే అదేనంటారా మాస్టారూ?" అన్నాడు.

"కావచ్చు. షుగరూ కావచ్చు. ఊహించడం దేనికి, చూపించుకో."

"నాకు మొదలవడానికే చాలాసేపు పడతందండీ," అన్నాడు డోలక్కు సూరిబాబు. అతని వెనక మరొకరు గొంతు సవరించుకున్నారు. శారోన్ ఓపీ చీటీల కొత్త కట్ట విప్పింది.

"ఎవరండీ ఆయన?" అని అడిగింది బెంచీ మీద కూర్చున్న ఒకావిడ.

"మా ఆయనే," అంది సుగుణమ్మ తల పైకెత్తి. "సైన్సు మాస్టారు."

తిరుగు ప్రయాణంలో వ్యాను మూడుచోట్ల ఆగింది. టీ కోసమని ఎవరూ అనలేదు.